నొప్పి చెవిలో, పని కీలులో

చెవిపోటని వస్తారు. చూస్తే చీముండదు, వాపుండదు, కర్ణభేరి శుభ్రంగా ఉంటుంది. ముప్పాళ్ళ నుంచి సత్తెనపల్లికో నరసరావుపేటకో, అక్కడా తేలకపోతే గుంటూరుకో తిరిగే ఇలాంటి మనిషికి, "ముద్ద నమిలేటప్పుడు ఎక్కువవుతోందా?" అని అడిగే డాక్టరు దొరికితేనే దారి తెలుస్తుంది.

దవడ కీలుకీ, చెవి రంధ్రం ముందు గోడకీ, కణతకీ స్పర్శనిచ్చే నాడి ఒక్కటే. ఒకే కాలువకు మూడు తూములు. అందుకే కీలులో పుట్టిన బాధను మెదడు చెవి ఖాతాలో వేస్తుంది. కీలులోకి కాస్త మత్తుమందు ఎక్కించినప్పుడు చెవిపోటు తగ్గితే, మూలం కీలేనన్న అనుమానం బలపడుతుంది.

చాలామందికి మెత్తటి తిండి, వ్యాయామం, పళ్ళ మీద పెట్టుకునే స్ప్లింటు సరిపోతాయి. వాటితో తగ్గనివారికి 1991లో నిట్జాన్, ఆమె సహచరులు వివరించిన పద్ధతి ఉంది: కీలు పైగదిలోకి రెండు సూదులు, ఒకదాంట్లోంచి సెలైన్ లోపలికి, రెండోదాంట్లోంచి బయటికి. మొదటి సూది చోటు చెవి ముందు బుడిపె నుంచి కంటి బయటి కొసకు గీసిన గీత మీద 10 మిల్లీమీటర్లు ముందుకు, 2 మిల్లీమీటర్లు కిందికి. అంత చిన్న లెక్క మీద ఆధారపడి లోపల కనిపించని గదిని చేరుకోవడం నాకు అబ్బురం.

అసలు పనితనం తెలిసేది కోసి చేసే ఆపరేషన్‌లో. కీలులో జారిపోయిన మృదులాస్థి బిళ్ళను తిరిగి కుట్టే పనిని ఎడిన్‌బరోలో అన్నండేల్ 1887లోనే ప్రచురించాడు. కోత చెవి ముందు మడతలో దాగిపోతుంది. కానీ కనుబొమను ఎత్తించే ముఖనాడి కొమ్మ చెవి రంధ్రానికి 8 నుంచి 35 మిల్లీమీటర్ల ముందు ఎక్కడో చెంప ఎముకను దాటుతుందని 1979లో అల్‌-కయాత్, బ్రామ్లీ కొలిచి చెప్పారు. మనిషికో చోటు. నాడిని వెతికి పక్కకు తప్పించరు. కణత కండరం మీది పొరను చీల్చి, దాని కిందుగా వెళ్తారు. నాడి పైపొరతోపాటే, కంటికి కనపడకుండా, లేచిపోతుంది. చూడకుండా కాపాడటమనే ఈ పద్ధతికి నేను చేతులెత్తి మొక్కుతాను.

మత్తు దిగాక కనుబొమలు ఎత్తమంటారు, కళ్ళు గట్టిగా మూయమంటారు. తర్వాత నోరు తెరిచే వ్యాయామం మొదలవుతుంది. పట్టు సడలేకొద్దీ చెవిపోటూ కణతనొప్పీ నెమ్మదిగా తగ్గుతాయి. కండరాల్లో బిగువు మిగిలినవారికి కొంత బాధ ఉండిపోతుంది. దానికి మళ్ళీ కత్తి పట్టరు, ఫిజియోథెరపీ చేయిస్తారు.