ప్రేమాభిషేకం: చెప్పకపోవడమే ప్రేమా?

మొన్న వానాకాలం సెలవుకి మెదక్ వెళ్తే ఏడుపాయలలో గర్భగుడి దర్శనం దొరకలేదు. మంజీర పొంగి వనదుర్గమ్మ గుడిని నీళ్లు చుట్టేశాయి. రాజగోపురం దగ్గర ఉత్సవ విగ్రహానికి పూజలు జరుగుతున్నాయి. అమ్మ అక్కడే మొక్కు చెల్లించింది. నా భార్య కాస్త పక్కకు వెళ్లగానే మెల్లగా అడిగింది: "కోడలికి మొత్తం చెప్పినవా బిడ్డా? చెప్పకు, దిగులు పడ్తది."

అమ్మకు తెలియనిదేమిటంటే, ముందు విన్నది ఆమే. మేముండే అమెరికా ఊళ్లో డాక్టరు నన్ను కాదు, ఆమెనే చూస్తూ చెప్పాడు: నాలుగో స్టేజి, ఎముకల దాకా పాకింది. నేను పక్క కుర్చీలో ఉన్నాను. మన దగ్గరైతే నన్ను వరండాలోకి పిలిచేవాళ్లు. పిలిస్తే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది కూడా.

ఆ రాత్రి ఇంట్లో 'ప్రేమాభిషేకం' మళ్లీ చూశాం. ఇప్పుడీ పాత సినిమా ఎందుకంటారా? 1981లో దాసరి నారాయణరావు తీసిన ఈ సినిమా, చెప్పకుండా దాచడం ఎంత గొప్ప ప్రేమో మనకు నేర్పింది కాబట్టి. క్యాన్సరని తెలిశాక అక్కినేని పోషించిన రాజేష్ చెడిపోయినట్టు నటించి, ప్రేమించిన దేవికి తనమీద అసహ్యం పుట్టేలా చేస్తాడు. చూసేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. ఆ నటనలో, పాటల్లో బలం ఉంది, కాదనను. కానీ నా భార్య ఒక్క మాటంది: "ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదేంటి?"

సినిమాలో లోపం అదే. రాజేష్ త్యాగం చేస్తున్నాననుకుంటూ దేవి నిర్ణయాన్ని కూడా తనే తీసేసుకున్నాడు. శ్రీదేవికి ఏడవడానికి సీన్లున్నాయి, పక్కన కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. ఈసారి నా కళ్లు జయసుధ పాత్ర మీదే నిలిచాయి. లోకం వేశ్య అని తోసేసిన జయంతికి దొరికిన చోటు, ప్రేమించిన దేవికి దొరకలేదు.

పక్కన ఉండటం సినిమాలోలా పాటలతో గడవదు. నా ఉద్యోగం పోతే హెచ్‌1బి మీద 60 రోజులే గడువు. ఆమె ఇన్సూరెన్సూ ఆ ఉద్యోగంతోనే ముడిపడింది. అందుకే కీమో గదిలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మీటింగుల్లో మాట్లాడాను. ఆమె వాంతి చేసుకుంటే మ్యూట్ నొక్కి లేచాను. ఇందులో త్యాగమేమీ లేదు. ఇద్దరికీ ఒకే నిజం తెలుసు కాబట్టి ఇద్దరం కలిసి లెక్కలు వేసుకోగలిగాం.

రాజేష్ చేయలేనిది అక్కినేని చేశారు. 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు క్యాన్సరని తానే చెప్పారు. 'మనం'లో నటించారు. 2014 జనవరి 22న వెళ్లిపోయారు. ఆ సినిమా కన్నా ఆ విలేకరుల సమావేశమే నాకు గొప్పగా కనిపిస్తుంది.

తెల్లారి అమ్మకు చెప్పేశాను: ఆమెకు అన్నీ తెలుసని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కోడలి దగ్గరికే వెళ్లి అడిగింది: "నొప్పి ఎక్కడ ఉంటది బిడ్డా?"