మైకు లేని పద్యం కోసం

హాంకాంగ్‌లో 2019లో ఒక నాటకశాల తెరిచారు. సినిమాలకూ సభలకూ కాదు, చైనా సంప్రదాయ సంగీత నాటకం కోసమే కట్టారు. రోడ్డు రొద పాటలోకి రాకూడదని 1,073 సీట్ల పెద్ద హాలును భవనం పైభాగంలో పెట్టారు. కింద రెండు వందల మంది టీ తాగుతూ నాటకం చూసే చిన్న హాలు ఉంది. ఆ చిన్న హాలు సంగతి చదివినప్పటి నుంచీ నా ఆలోచనంతా తెనాలి మీదే.

పద్యనాటకానికి మన జిల్లాల్లో ఏం లోటు? సత్య హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ఇక్కడివారే. కాటిసీనులో వినుకొండ జాషువా పద్యాలను నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం గుండెకు హత్తుకున్నారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభలో స్త్రీ పాత్రలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అదే కాలంలో చైనాలో మే లాన్‌ఫాంగ్ స్త్రీ పాత్రలతోనే లోకమంతా పేరు తెచ్చుకున్నారు.

నేను హార్మోనియం వాయిస్తాను. పత్తి అమ్మి, మిరపకాయ యార్డుకు తోలాక ఊళ్లలో నాటకాలు ఆడిస్తారు. నటుడు పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి ఇచ్చి రాగం జాడ చూపించడం నా పని. తర్వాత ఆయన గొంతు వెనకే నడవాలి, ముందుకు పోకూడదు. ఆయన ఊపిరి పీల్చుకునే ఆ కాస్త సందే నా వేళ్లకు చోటు. చివరి పాదం మీద రాగం తీసేటప్పుడు ఎటు వెళతాడో ఆయనకే ముందు తెలియదు. ముఖం చూస్తూ పట్టుకోవాలి.

మైకు వచ్చాక నటుడు దాని ముందే నిలబడిపోయాడు. రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుడి కళ్లలోకి చూస్తూ అనాల్సిన పద్యం మైకుతో అంటున్నాడు. స్పీకర్ల హోరులో మాటలు కలగాపులగమై, రాగం ఒక్కటే మిగులుతోంది. చప్పట్లు దానికే పడుతుంటే నటుడు రాగమే పెంచుతాడు. అందుకు ఆయన్ని తప్పుపట్టే వాళ్లతో నేను ఏకీభవించను. పద్యం అర్థమయ్యేలా వినిపించే చోటు మనం ఆయనకు ఇవ్వలేదు.

గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఎన్నో నాటకాలకు నీడనిచ్చింది. కానీ అది అన్ని సభలకూ పనికొచ్చే హాలు. నేను అడిగేది పద్యానికే కట్టిన హాలు. రెండు వందల సీట్లు చాలు. మామూలు గొంతు చివరి వరసకు అందాలి. హార్మోనియం పెట్టెకు రంగస్థలం పక్కన, నటుడి ముఖం కనిపించేచోట జాగా ఉండాలి. పైన పిల్లలు పద్యం నేర్చుకునే గది ఉండాలి. మిర్చి యార్డు ఉన్న సీమకు ఇది మోయలేని ఖర్చు కాదు. తెనాలిలో కడితే సంతోషం, గుంటూరులో కట్టినా సరే.