నూట మూడు ఒకట్లు

గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ చివరి రోజులు గడిచింది శ్రీకాళహస్తిలో. కడప జిల్లా కల్లూరులో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. 103 రెళ్లను హెచ్చిస్తే ఎంతని అవధానంలో అడిగితే, 32 అంకెలు నోటితో అప్పజెప్పారని చెప్పుకుంటారు: 10141204801825835211973625643008.

నాకు దానికన్నా, దానికి ఒకటి తక్కువైన సంఖ్య మీద మోజు. కంప్యూటర్ వాడే సున్నా, ఒకట్ల పద్ధతిలో రాస్తే అది వరుసగా 103 ఒకట్లు; మధ్యలో ఒక్క సున్నా లేదు. 103 ప్రధాన సంఖ్య. కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే అయ్యుండాలనిపిస్తుంది. కాదు. 2550183799తో భాగిస్తే శేషం మిగలదు.

ఈ భాజకాన్ని గుడ్డిగా వెతకనక్కర్లేదు, చూడాల్సిన పనితనం అదే. ఏదో ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తుందనుకుందాం. 2, 4, 8, 16 అంటూ పోతూ ఒక్కోదాన్నీ దానితో భాగిస్తే, శేషం సరిగ్గా 103వ అడుగులో మళ్లీ 1 అవుతుంది. 103 ప్రధాన సంఖ్య గనుక అంతకన్నా చిన్న చక్రం కుదరదు. ఫెర్మా సూత్రం ప్రకారం ఆ చక్రం పొడవు, భాజకంలో ఒకటి తీసేస్తే మిగిలేదాన్ని భాగించి తీరాలి. ఆ మిగిలేది సరి సంఖ్య కూడా. అంటే భాజకం 206కు ఏదో గుణిజం, పైన ఒకటి. లెక్క వేసి చూడండి: 206ను 12379533తో హెచ్చించి ఒకటి కలిపితే 2550183799! చిన్న ఉదాహరణ 11 రెళ్లది: 2047 అంటే 23 ఇంటూ 89. రెండూ 22 గుణిజాల మీద ఒకటే.

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ ఇలాంటి సంఖ్యల్లో ప్రధాన సంఖ్యలయ్యేవాటి జాబితా ఇచ్చాడు. 103ను సరిగ్గానే వదిలేశాడు గానీ, 107ను కూడా వదిలేశాడు. అది నిజంగా ప్రధాన సంఖ్యను ఇస్తుంది.

భాజకం దొరక్కపోతే గణితవేత్త లూకా పేరిట ఒక పరీక్ష ఉంది. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 31కి చేస్తే 4, 14, 8, ఆ తర్వాత 62; 31తో భాగిస్తే సున్నా. 31 అంటే 5 రెళ్ల లబ్ధంలో ఒకటి తక్కువ; ఆ 5లో రెండు తగ్గించి మూడు అడుగులు చాలు. సున్నా వస్తే ప్రధాన సంఖ్యే, రాకపోతే కాదు. మధ్యే మార్గం లేదు. 1876లో లూకా ఈ తరహా పద్ధతితోనే 127 రెళ్ల సంఖ్యను చేత్తో తేల్చాడు. అది 39 అంకెలది.

2024 అక్టోబరులో 136279841 రెళ్ల లబ్ధంలో ఒకటి తీసేసిన సంఖ్య ప్రధాన సంఖ్యేనని తేలింది. దానిలో 4,10,24,320 అంకెలు. ముందు గ్రాఫిక్స్ చిప్‌ల మీద వేరే పరీక్షతో అనుమానం కలిగింది. నిర్ధారించింది మళ్లీ ఆ వర్గం, మైనస్ రెండే. అడుగులు మాత్రం మూడు కాదు, 13 కోట్ల 62 లక్షల పైచిలుకు.