ఉప్పుగాలిలో వాల్వు రేడియో

1963 ఆగస్టు 4వ తేదీన విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలయునంతవరకు మా యిండ్లలోని రేడియోలకు సొంత ఊరి పలుకు లేదు. 1938లో ఆరంభమైన మదరాసును, 1948లో ఆరంభమైన విజయవాడను చెవి నిక్కించి వెదకికొనవలసినదే. అందుచేత మహారాణిపేటలోని మా యింట రేడియో కొనుటకంటె దానికి తగిన ఏరియలు కట్టుటయే పెద్ద కార్యమైనది. మేడపై రెండు వెదురుగడల నడుమ రాగితీగను సాగదీసి, దాని కొనను కిటికీగుండ లోపలికి దించి, భూమిలో పాతిన గొట్టమునకు వేరొక తీగ బిగించిననే గాని ఆ కొయ్యపెట్టె నోరు విప్పెడిది కాదు.

మీట త్రిప్పగానే డయలుమీది దీపము వెలుగును గాని ధ్వని రాదు. వాల్వులోని తంతువు ఎర్రబడి, దాని చుట్టునున్న కేథోడు వేడెక్కి ఎలక్ట్రానులను విడుచువరకు ఓపిక పట్టవలెను. పిమ్మట స్టేషనును పట్టుట. ఏరియలు అందించిన సన్నని సంకేతమును రేడియో తనలోనే పుట్టించిన మరియొక తరంగముతో మేళవించి, కేంద్రమేదైనను ఒకే మధ్యస్థ పౌనఃపున్యమునకు, నాటి మాటలో ఇంచుమించు 455 కిలోసైకిళ్లకు, మార్చి పెంచును; సంకేతము బలపడుకొలది మ్యాజిక్ ఐ అను పచ్చని దీపములోని నీడ సన్నగిల్లును. నీడ మిక్కిలి ఇరుకైనచోట చేయి ఆపుటయే నేర్పు. మా నాన్నగారు ఆ దీపమువంక చూడనైన చూడక చెవితోనే ఆపెడివారు.

పగటివేళ అయనోవరణపు దిగువ పొర మీడియంవేవును హరించును. సూర్యాస్తమయానంతరము ఆ పొర విచ్ఛిన్నము కాగా, పైపొర తరంగములను దూరమునకు మరలించి పంపును. అంతేకాక, ఉప్పునీరు విద్యుద్వాహకమగుటచే నేలపైకంటె సముద్రముపై ఈ తరంగములు తక్కువగా క్షీణించును. ఇంతటి మేలు చేసిన ఆ సముద్రమే తన గాలితో రేడియోను తినివేయును కూడ. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులోని వెండ్రుకవంటి రాగితీగ తడి చేరినచోట పచ్చబారి తెగును. కాగితపు కండెన్సర్లు చెమ్మ పీల్చి విద్యుత్తును కార్చును. అట్లు కారినది చివరి వాల్వు గ్రిడ్డును చేరినచో పాట బొంగురుపోయి వాల్వు కాగిపోవును. దీనికి మందు రేడియోయందే కలదు: వాల్వుల వేడి. ప్రతిదినము మ్రోగెడి పెట్టెలో ఆ వేడికే చెమ్మ ఆరును. లేసుగుడ్డ కప్పి పండుగకు మాత్రమే మ్రోగించు పెట్టె త్వరలో మూగవోవును. పొదుపరులైన గృహస్థుల కీ సంగతి ఎంత చెప్పినను తలకెక్కెడిది కాదు. ఏటేట తపాలా కచేరిలో లైసెన్సు రుసుము కట్టియు వినకుండుట ఏమి పొదుపో!

ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాతను పెద్ద పెట్టెకు మర్యాద తగ్గలేదు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ ఉక్కు కర్మాగారమును ప్రకటించిన నాటి రాత్రి, సొంత ట్రాన్సిస్టరు గలవారు సయితము మా వసారాలో చేరిరి. అరచేతి స్పీకరు చెవికి చాలును గాని వాడకు చాలదు గదా.

ఇప్పుడు అటకమీది పెట్టెను దింపువారు పలువురు నేరుగా ప్లగ్గులో పెట్టుదురు. అది అపచారము. తొలుత కాగితపు కండెన్సర్లను, అందును చివరి వాల్వు గ్రిడ్డుకు పోవు దానిని, మార్చి, పిదప సిరీస్ బల్బు కలిపి విద్యుత్తునీయవలెను. ఆ బల్బు తళుక్కున వెలిగి తగ్గక నిలిచినచో లోపల నెక్కడనో షార్టు కలదన్నమాట, వెంటనే ఆపి మరల వెదకవలసినదే.