రేటు కార్డులో ఇర్రి

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడని ఈ కాలమ్ చదివేవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు.  వాడి ఆఫీసులో ఒక పెద్దాయన కుటుంబానికి శాన్ ఆంటోనియో ఎగువన, హిల్ కంట్రీ అనే సున్నపురాతి కొండల్లో రెండున్నర వేల ఎకరాల రాంచ్ ఉంది. శని, ఆదివారాలు అక్కడ గడపమని పిలిస్తే వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోకుండా, పక్క రాంచ్ వాళ్ల వేట రేటు కార్డు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేశాడు.

అందులో యాక్సిస్ డీర్ ఒక వరసలో, బ్లాక్‌బక్ దాని కింద వరసలో ఉన్నాయి. మొదటిది మన చుక్కల దుప్పి, తెలంగాణ రాష్ట్ర జంతువు. రెండోది కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మగదాన్ని ఇర్రి అంటాం. విడిపోయేటప్పుడు నీళ్ల దగ్గర్నుంచి భవనాల దాకా అన్నిటికీ కొట్టుకున్న మనం, జంతువుల్ని మాత్రం పేచీ లేకుండా పంచుకున్నాం. ఇప్పుడా రెండూ ఒకే కాగితం మీద, ఎదురుగా డాలర్లతో. ఒళ్లు మండింది. గ్రూపులో ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు, ఇంకెవరో ఇగురు బాగుంటుందా పులుసు బాగుంటుందా అని చర్చ తీశారు. నేను బయటికొచ్చి వాడికి నేరుగా ఫోన్ చేశాను.

మన దగ్గర కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. సల్మాన్ ఖాన్ అంతటివాణ్ని 1998 నాటి జింకల వేట కేసు రెండు దశాబ్దాలు తిప్పింది. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్లు వేసింది, ఆయన అప్పీలుకు వెళ్లాడు. అదంతా వాడికి గుర్తుచేశాను. "మావయ్యా, ముందు విను. ఇక్కడ నీ జింకకి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. లైసెన్సు జేబులో ఉంటే చాలు. అదిక్కడ గొర్రెల, బర్రెల లెక్క, భూమి ఎవరిదైతే అది వాళ్లది. రూల్సన్నీ తెల్లతోక దుప్పికే" అన్నాడు.

ఆ రూల్సేమిటో విన్నాక నా కోపం కొంచెం పక్కకి జరిగింది. తెల్లతోక దుప్పి అక్కడి మట్టిలో పుట్టిన జంతువు. ఎవరి పొలంలో నిలబడినా అది రాష్ట్ర ప్రజల సొత్తు. రెండున్నర వేల ఎకరాల ఆసామి అయినా సరే, సీజన్ రాకుండా తన పెరట్లోకి వచ్చిన దుప్పిని ముట్టుకోకూడదు. రాత్రి లైటు వేసి కొట్టకూడదు. మామూలు లైసెన్సు మీద ఏడాదికి ఐదు, అందులో మగవి మూడుకు మించకూడదు. కౌంటీని బట్టి ఇంకా తగ్గుతాయి. చాలా కౌంటీల్లో కొమ్ములు చీలిన మగదుప్పి అయితే, రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉందో లేదో దూరం నుంచే అంచనా కట్టుకుని మరీ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. పడగానే లైసెన్సు నుంచి ట్యాగు విడదీసి, నెలా తేదీ పెన్నుతో రాయకుండా చాకుతో కోసేసి, దుప్పికి కట్టాలి. కోసిన తేదీని చెరిపి మళ్లీ వాడలేరు కదా! తినదగ్గ మాంసాన్ని పారేస్తే అదింకో నేరం.

టెక్సాస్‌లో భూమి నూటికి 95 వంతులు ప్రైవేటుది. అంచేత అక్కడ అడవిని కాపాడాలంటే ఆసామి మెడలు వంచాలి, లేదా జేబు తడమాలి. 1995లో రాజ్యాంగ సవరణ పెట్టి, ఓటర్ల చేత ఒప్పించి, రెండో దారి పట్టారు. అంతకుముందు సాగుభూమిగా తక్కువ పన్ను కడుతున్న నేలలో ఆవుల బదులు అడవి జంతువుల్ని పోషించినా అదే తక్కువ పన్ను వర్తిస్తుంది. ఊరికే కాదు. మేత నేల బాగుచేయడం, నేల కోత ఆపడం, క్రూరమృగాల అదుపు, అదనపు నీళ్లు, అదనపు మేత, నీడా గూడూ, జంతువుల లెక్క అని ఏడు పనులున్నాయి. వాటిలో కనీసం మూడు ఏటా చేసి చూపించాలి. చేయకపోతే ఆ వెసులుబాటు పోతుంది. ఇందులో నాకు నచ్చిన మెలిక ఒకటుంది. ఇదంతా స్థానిక జంతువులకే. మన కృష్ణజింకల్ని వెయ్యి మేపినా ఆ పన్ను లెక్కలో అవి సున్నా.

"ఇంతకీ నువ్వు వేటాడావా?" అని అడిగాను, అసలు భయం అదే గనక. "లేదు మావయ్యా, లెక్కకి కూర్చోబెట్టారు."

పొద్దు గుంకిన గంటకి పికప్ ట్రక్కు వెనక ఇద్దర్ని నిలబెడతారట, చెరో వైపుకీ లైటు పట్టుకుని. ఏటా అదే దారి, అదే మెల్లని వేగం. చీకట్లో మొదట కళ్లు మెరుస్తాయి. బండి ఆగితే, ఆ రెండు మెరుపుల చుట్టూ నెమ్మదిగా చెవులు, మెడ, నడుం తేలుతాయి. తల్లి, పిల్ల, మగది అని వేరువేరు గళ్లలో గీతలు పెట్టాలి. పోల్చుకోలేనిది వస్తే 'తెలియలేదు' గడిలో వేయాలి. మావాడు ఒకదాన్ని కొమ్ముల్లేవు కదా అని ఆడదాని కింద వేయబోతే, నడుపుతున్న పెద్దాయన బండి ఆపి గడి మార్పించాడట. ఆ ఆడా పిల్లా నిష్పత్తి చూసే, ఈ ఏడు ఎన్ని ఆడవాటిని తీసేయాలో రాష్ట్ర బయాలజిస్టు చెబుతాడు, అన్ని ట్యాగులే ఇస్తారు. పొద్దున్నే నడిపించి చెట్లు కూడా చూపించాడు. ఓక్ చెట్లకి మనిషి ఛాతీ ఎత్తు దాకా ఒక్క ఆకు లేదు, ఆ పైన గుబురు. దుప్పుల మూతి ఎంతవరకు అందితే అంతవరకు నేలంతా ఒకే గీత గీసినట్టు. అది కనబడిందంటే నేల మోయలేనన్ని తలలున్నాయని.

ఆ గీతకి సగం కారణం మన చుక్కల దుప్పేనట. తెల్లతోకది చిగుళ్లూ మెత్తటి ఆకులూ లేకపోతే బతకలేదు. మనది ముందు అవే తిని, అయిపోయాక గడ్డి మీదకి మళ్లుతుంది. 1930లలో షోకుకి తెచ్చి వదిలిన జంతువు ఇప్పుడు వెళ్లమన్నా వెళ్లని చుట్టమైంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మన దేశపు దుప్పులూ జింకలూ చలికి కుప్పలుగా చచ్చాయి, అయినా బెడద తీరలేదు.

ఇంకో కథ కూడా ఇక్కడే చెప్పాలి. పాకిస్తాన్‌లో అడవి కృష్ణజింక పూర్తిగా పోయింది. 1970 ప్రాంతంలో బహావల్‌పూర్ దగ్గర లాల్ సుహాన్రాలో మళ్లీ మొదలుపెడదామంటే విత్తనం టెక్సాస్ నుంచే వెళ్లింది. వేట కోసం పెంచిన జింకే, వేటకి పోయిన చోటికి తిరిగొచ్చింది.

ఇంతవరకూ రాస్తే నాకూ అనిపించింది, వేటే జంతువునీ నేలనీ కాపాడుతుందని మనమెందుకు ఆలోచించకూడదని. హైదరాబాదులో వనస్థలిపురం వైపు వెళ్తుంటే కనబడే హరిణ వనస్థలి నిజాంల శికార్‌గాయే. ప్రభువులు వేటకని అట్టే పెట్టుకోబట్టి ఆ నేల 1975 దాకా మిగిలి పార్కు అయింది. లేకపోతే ఈపాటికి ప్లాట్లే.

కానీ రోళ్లపాడు గుర్తొచ్చింది. గడ్డి నేలల గోల మళ్లీ మొదలెట్టాడని విసుక్కునేవాళ్లు ఇక్కడ పేజీ తిప్పేయొచ్చు, నేనేమీ అనుకోను.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా వెళ్తే వస్తుంది రోళ్లపాడు. ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర గడ్డి నేల. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. తొంభైల చివర్లో, జిల్లా ఎడిషన్‌లో పనిచేసే రోజుల్లో, ఆ పిట్టని చూద్దామని వెళ్లాను. పిట్ట కనబడింది, చాలా దూరంగా, పొడుగు మెడ, బరువైన నడక. చూసిన కాసేపటికే గడ్డిలో కలిసిపోయింది. దగ్గరగా చూసింది మాత్రం ఒక రైతు శెనగ చేను. మొక్కలు పీకేసినట్టు లేవు. ప్రతి మొక్కకీ చివర, పూత వచ్చే చోట, కత్తెర పెట్టినట్టు తుంచి ఉంది. సాళ్ల మధ్య చీలిన గిట్టల గుర్తులు, అక్కడక్కడా కుప్పగా పెంటికలు. గట్టు మీద మంచె, దానికింద ఖాళీ డబ్బా, కొట్టడానికి కర్ర. పాత చీరలు చేను చుట్టూ కట్టి ఉన్నాయి, చిరిగి పీలికలైనవి.

"రాత్రంతా డబ్బా కొడతాండాం సార్. అవి ఆ పక్క శేన్లోకి పోతాయి. ఆ పక్కాయన కొడితే ఈ పక్కకొస్తాయి" అన్నాడు రైతు. తర్వాత ఆయన అన్న మాట నేను చాలాసార్లు చాలా చోట్ల వాడుకున్నాను. "మాకు పట్టా ఉంది, కాపలా లేదు. దానికి పట్టా లేదు, కాపలా ఉంది."

అభయారణ్యం చేశాక లోపల కంచెలు వేసి గొర్రెల్నీ మేకల్నీ ఆపారు. గడ్డి పెరిగింది. పదుల్లో ఉన్న జింకలు వందలయ్యాయి. కంచె కంతల్లోంచి సాయంత్రానికి చేలల్లోకి దిగడం అలవాటైంది. అదే కాలంలో తెలుగుగంగ నీళ్లొచ్చాయి, పక్కనే అలగనూరు రిజర్వాయరు కట్టారు. జొన్న, కొర్ర తగ్గి కొత్త పైర్లు పెరిగాయి. బట్టమేక నేల మీదే, ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి పలచటి గడ్డి కావాలి, వర్షాధారపు చేలు కావాలి, అన్నిటికీ మించి పొలంలో కనబడితే 'పోనీలే' అనుకునే రైతు కావాలి. జింక మీద కోపం పిట్ట మీదకి మళ్లింది. అధికారులు పిట్ట కోసం వచ్చారు, కాబట్టి జింకా పిట్ట వల్లే వచ్చింది. రైతు లెక్కలో తప్పేముంది? బట్టమేక కోసం పెట్టిన చోట బట్టమేక తప్ప అన్నీ పెరిగాయి. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడనట్టే. దేశం మొత్తం మీద మిగిలినవే నూట యాభైకి మించవంటారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

ఇదంతా చెబితే మావాడు ఎగిరి గంతేశాడు. "అదే కదా మావయ్యా నేననేది! ముదురు ఇర్రికి రెండు వేల డాలర్లు రైతు చేతికొస్తే, మంచె ఎక్కి కాపలా కాసేది జింకకే" అన్నాడు. తర్కం బాగానే ఉంది. వాడు ఫోన్ పెట్టేసేదాకా కాదనలేకపోయాను కూడా.

పెట్టేశాక వచ్చిన అనుమానం ఇది. టెక్సాస్‌లో రెండున్నర వేల ఎకరాలకి గేటు ఒకటే, తాళంచెవి ఒకరి దగ్గరే. రోళ్లపాడులో ఒక గుంపు తెల్లారేలోపు నలభై మంది కమతాలు తిరుగుతుంది. ఒకరి శెనగ తిని, ఇంకొకరి బీట్లో పడుకుని, మూడోవారి చేలో తుపాకీకి దొరుకుతుంది. డబ్బు ఎవరికి? రోడ్డు పక్క పొలమున్న ఆసామికి, వేటగాళ్లకి గెస్ట్‌హౌస్ కట్టించగలిగిన పెద్దమనిషికి. నిజాం శికార్‌గా పక్కన చేను వేసుకున్నవాడికి జింక వల్ల ఏం దక్కిందో ఇక్కడా అదే దక్కుతుంది. పైగా మావాడు మెచ్చుకున్నవన్నీ, లెక్కలూ ట్యాగులూ బయాలజిస్టూ, ఎవరి సొత్తూ కాని తెల్లతోక దుప్పి చుట్టూ ఉన్నవి. రేటు కార్డులోని మన జింక చుట్టూ అవేవీ లేవు.

అందుకని తుపాకీకి నేను ఓటెయ్యను. అడవిపందికి తెలంగాణలో అనుమతి ఉన్న షూటర్లని పెట్టారు, అది వేరే గొడవ. ట్రక్కు మీది లెక్కని మాత్రం యథాతథంగా తెచ్చుకోవచ్చు. ఏటా అదే దారిలో, ఊరి రైతుల్నే లైటు పట్టుకోమని, 'తెలియలేదు' గడితో సహా. తెల్లతోక దుప్పిని మోసే నేలకి అక్కడ పన్ను తగ్గిస్తున్నారు. ఇక్కడ పన్నే లేదు గనక మేత కౌలు ఇవ్వాలి. పంట పోయాక ఫోటోలు, పంచనామాలు, దరఖాస్తులు కాదు. ఈ ఊరి చేలు ఇన్ని జింకల్ని మేపాయి, తలకి ఇంత అని పంట కాలం మొదట్లోనే. నలభై కమతాలనీ ఒక్క రాంచ్‌గా చూస్తే తప్ప ఆ లెక్క కుదరదు.

కుదిరినా ఒక పీటముడి ఉంది, దాని గురించి ఈ కాలమ్‌లో నేను అరవని ఏడాది లేదు. ఆ నలభైలో సగానికి పైగా చేలు కౌలువే అయి ఉంటాయి. పట్టాదారు కర్నూల్లోనో హైదరాబాదులోనో ఉంటాడు, డబ్బా కొట్టేది కౌలుదారు. మేత కౌలు పట్టా చూసి బ్యాంకు ఖాతాలో వేస్తే జింక తిన్నది ఒకరి చేను, సొమ్ము పడేది ఇంకొకరికి. కాబట్టి ముందు సాగులో ఎవరున్నారో ఊళ్లో కూర్చుని రాయండి, జింకల లెక్క ఆ తర్వాత.