కాటా చెప్పేది, నాలుక తేల్చేది
(ముందుమాట)

తిల్దా బియ్యం మిల్లుల ఊరు. బిలాస్‌పూర్-రాయపూర్ రైలుదారి మీద ఉన్న ఈ ఊళ్ళో ఒక మిల్లులో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు కుర్రవాడు, ఇంట్లోనే రకరకాల ఎస్ప్రెస్సో షాట్లు తీసుకోవడం మీద పుస్తకం రాసి, నన్ను ముందుమాట అడిగాడు. ఫిల్టరు డికాక్షనుతో తెల్లవారే ఇంట్లో పెరిగినవాణ్ణి, ఇటలీ కాఫీకి నా సాక్ష్యం దేనికన్నాను. "మీకు అర్థమైతే చాలు మాస్టారూ" అన్నాడు. చదివాను, అర్థమైంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ విద్య మీద వచ్చే రాతలు చాలావరకు యంత్రాల ధరల దగ్గరో, 'ఇదే అసలు పద్ధతి' అనే తీర్పు దగ్గరో ఆగిపోతాయి. ఈ పుస్తకం ఆ రెంటి జోలికీ పోలేదు. ఒకే గింజ, ఒకే యంత్రం, అవే 18 గ్రాముల పొడి. అందులోంచి ఎన్ని తీర్ల రుచి రాబట్టవచ్చో, ఏ రుచి ఎందుకొస్తుందో విప్పి చెబుతుంది.

చరిత్ర అధ్యాయం చిన్నదే గాని నిండుగా ఉంది. 1884లో ట్యూరిన్‌లో ఆంజెలో మోరియోండో పేటెంటు తీసుకున్న యంత్రం, 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా చేసిన యంత్రం ఆవిరి బలం మీదే నడిచేవి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అకీలే గాజా స్ప్రింగు లివరుతో ఒత్తిడిని తొమ్మిది బార్ల దరికి చేర్చాకే కప్పు మీద క్రెమా అనే నురగ కట్టింది. ఆ ఒత్తిడి లేకుండా పొయ్యి మీద కాచే మోకా పాట్ కాఫీ ఎంత చిక్కగా ఉన్నా ఎస్ప్రెస్సో ఎందుకు కాదో ఇక్కడే తేలిపోతుంది.

పుస్తకానికి గుండెకాయ మూడో అధ్యాయం. 18 గ్రాముల పొడికి 25 నుంచి 30 సెకన్లలో కప్పులోకి 36 గ్రాముల కాఫీ దిగితే మామూలు షాట్. 27 గ్రాములు దాటకుండా ఆపితే రిస్ట్రెట్టో, 54 దాకా పోనిస్తే లుంగో. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. తరవాత చెప్పిందే అసలు సంగతి. గింజలోంచి పులుపు ముందు దిగుతుంది, తీపి తరవాత, చేదూ వగరూ చివర్న. కనుక మామూలు షాట్‌కు పట్టిన మెత్తని పొడిలోంచే నీళ్ళు ఇంకాసేపు పోనిస్తే లుంగో పేరుతో కషాయం తాగాల్సి వస్తుంది. లుంగోకు పొడి కాస్త బరకగా ఉండాలి, రిస్ట్రెట్టోకు మరికాస్త మెత్తగా. షాట్ రకం మార్చాలంటే గ్రైండరు దగ్గర్నుంచే మార్చుకు రావాలి.

ఇక్కడ అతనికి మిల్లు అనుభవం పనికొచ్చింది. వడ్ల తేమను బట్టి రబ్బరు రోలర్ల సందు సరిచేయకపోతే నూకలు పడతాయని తెలిసినవాడు గనుక గ్రైండరునూ అదే కన్నుతో చూశాడు. గింజ వేయించి ఎన్నాళ్ళయిందో, ముసురు పట్టిందో ఎండ కాస్తోందో చూసి పట్టు సవరించమంటాడు. ఒకసారికి ఒక్కటే మార్చి, రుచి చూసి, రాసి పెట్టుకోమన్న నియమాన్ని ఎక్కడా సడలించలేదు.

నీళ్ళ అధ్యాయం అచ్చంగా ఈ నేలది. తిల్దా చుట్టుపక్కల సున్నపురాయి విస్తారం. సిమెంటు కర్మాగారాలు ఇటు వచ్చింది అందుకే. ఇక్కడి బోరు నీళ్ళు పోస్తే బాయిలరులో సున్నం పేరుకుంటుంది. ఖనిజాలు చాలావరకు పోయిన ఆర్వో నీళ్ళు పోస్తే కాఫీ చప్పబడుతుంది. రెంటినీ పాళ్ళు చూసి కలుపుకోవడం ఓపిగ్గా నేర్పాడు.

గింజల కోసం దూరం పోలేదు. కోర్బా నుంచి విశాఖ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోతుంది. అటునుంచే అరకు అరబికా తెప్పించుకుంటాడు. గిరిజన రైతులు నీడతోటల్లో పండించే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇటు బస్తర్‌లో దర్భా వైపు కూడా కాఫీ పండుతోందని గుర్తుచేశాడు. ముదురు వేపుడుకు నీళ్ళ వేడి 90 డిగ్రీల దగ్గర, లేత వేపుడుకు 94, 95 దగ్గర ఉంచమన్న సలహా కొత్తవాళ్ళకు చాలా గింజలు మిగులుస్తుంది.

కొత్త పోకడలనూ తోసిపుచ్చలేదు. పొడి మరీ మెత్తనైతే నీళ్ళు అంతటా సమంగా పారవని శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్ బృందం 2020లో చూపింది. పొడి తగ్గించి, బరకగా పట్టి, త్వరగా దించే టర్బో షాట్‌ను ఆ వెలుగులో వివరించాడు.

ఒక్క ఫిర్యాదు ఉంది. పాల గురించి రెండే పేజీలు రాశాడు. మన ఇళ్ళల్లో పాలు లేని కాఫీ పథ్యం కింద లెక్క. చిక్కటి గేదెపాలలో రిస్ట్రెట్టో ఎలా నిలుస్తుందో, లుంగో ఎందుకు తేలిపోతుందో రెండో ముద్రణలో వివరంగా రాయాలి. ఇది పెద్దవాడి ఆజ్ఞగానే తీసుకోమంటున్నాను.

పాఠకులకు ఒక మాట. ఖరీదైన యంత్రానికి ఆశపడే ముందు పదోవంతు గ్రాము చూపే కాటా, నమ్మకమైన గ్రైండరు సమకూర్చుకోండి. చేయి తిరిగేదాకా మామూలు షాటే తీయండి. ఆపైన ఈ పుస్తకం ఏ పేజీ తెరిచినా మీకు పనికొస్తుంది. తాను కష్టపడి నేర్చినదాన్ని దాచుకోకుండా తేటతెలుగులో పంచిపెట్టిన ఈ చిరంజీవి ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని ఆశీర్వదిస్తున్నాను.