పాత పత్రికలలో 'ఆంధ్ర' అనే మాట

పాత పత్రికలోని వ్యాసం ఒకటి మన సంచికలో తిరిగి వేద్దామనుకున్నాము. వ్యాసం అందరికీ నచ్చింది. చిక్కు ఒక్క మాట దగ్గర వచ్చింది. అందులో అడుగడుగునా 'ఆంధ్రులు', 'ఆంధ్రభాష' అని ఉన్నది. నల్లగొండ మిత్రుడొకరు "ఇది మా గురించి కాదు గదా" అన్నారు. మా గుంటూరు వైపు వారొకరు "అవును, అది మా పత్రికే" అని సంతోషించారు. మూడవవారు గొడవ లేకుండా 'ఆంధ్ర' కొట్టివేసి 'తెలుగు' అని పెడదామన్నారు. ముగ్గురూ పెద్దమనుషులే గాని, ముగ్గురూ పొరబడ్డారని నా అభిప్రాయం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించినది బొంబాయిలో. మద్రాసు నుండి అది దినపత్రికగా వెలువడినది 1914లో. అప్పటికి ఆ పేరుతో రాష్ట్రమే లేదు. బొంబాయిలో బ్రతుకుతున్న తెలుగువాడు ఆ పేరులో చూసుకున్నది తన జిల్లాను కాదు, తన భాషను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

హైదరాబాదు సంగతి చూడండి. అక్కడ 1901లో వెలసిన గ్రంథాలయం పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1921లో కార్వే గారి అధ్యక్షతన అక్కడ జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుండి పుట్టిన సంస్థ ఆంధ్ర జన సంఘం. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారే 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. ఆయన పుస్తకం పేరు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. గేలికి గురియైన భాషకు గౌరవం తెచ్చేందుకు తెలంగాణము వారు ఏరి పట్టుకున్న మాట అది.

అయితే ఆనాడు కూడ ఆ మాట నిర్వివాదం కాదు. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారు 1871లో పెట్టిన పత్రిక 'ఆంధ్ర భాషా సంజీవని'. ఆయన గ్రాంథికవాది. వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1919లో తన పత్రికకు 'తెలుగు' అని పేరు పెట్టారు. ఒకటి పండితుల పీట మీది మాట, రెండవది వాకిట్లో మాట. ఇక 1913లో బాపట్ల మహాసభ నాటికే మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలను ఒక రాష్ట్రం చేయాలనే కోరిక ఆ పేరుతో ముడిపడింది. ప్రాంతమనే అర్థానికి విత్తనం అక్కడే ఉన్నది.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్. 1972లో 'జై ఆంధ్ర' అన్నవారి నోట ఆ మాట తెలంగాణమును విడిచిన ప్రాంతానికే చెల్లింది. 2014 తరువాత సరిహద్దు కూడ ఏర్పడింది. కనుక నల్లగొండ మిత్రుని నొప్పి నిజమైనదే. కాని ఆ నొప్పి తరువాతి పత్రికలది. దానిని 1921 మీదికి మోపితే, ఆయన తాతల స్వాభిమానాన్నే పరాయిది చేసినట్లవుతుంది. మా గుంటూరాయన గర్వమూ అంతే. ఇద్దరి ఉమ్మడి ఆస్తిని ఒక్కరి పేర వ్రాసుకోవడమది.

పాత కేసు షీటులో 'డ్రాప్సీ' అని కనిపిస్తే మేము దానిని కొట్టివేసి గుండెజబ్బు అని వ్రాయము. మూత్రపిండాల జబ్బు కూడ అయి ఉండవచ్చును. తేదీ చూసి, ఆనాటి డాక్టరు దేనిని ఆ మాటతో పిలిచాడో ఆలోచిస్తాము. అన్నిచోట్లా 'తెలుగు' అని దిద్దితే గిడుగు వారు ఎవరితో వాదించారో, ఆలంపల్లి వారి అవమానం నుండి ఏ పేరు పుట్టిందో మన పిల్లలకు తెలియకుండా పోతుంది.

ఆ వ్యాసాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వేయాలని నా మనవి. పైన సంవత్సరం మాత్రం పెద్ద అక్షరాలలో వేయండి.